తీతువు సూరికి రాని కప్పు

భిలాయిలో తెలుగువాళ్లని ఎవర్నడిగినా తీతువు సూరి ఇల్లు చూపించేవారు. క్యాంప్ వన్‌లో, గోడకి పాత టైర్లు ఆనించి ఉన్న ఇల్లు. అసలు పేరు అప్పలసూరి, ప్లాంటు గరాజ్‌లో మెకానిక్కు. హిందీ పిల్లలకి టిటహరీ అంకుల్, అదీ తీతువే. పిట్టల్ని కాపాడే మహానుభావుడని బళ్లో పిల్లలు వ్యాసాలు కూడా రాశారు. ఆ వ్యాసం ఎవరైనా చదివి వినిపిస్తే నోట్లో బీడీ తీసి, "అందులో సగం అబద్ధం, మిగతా సగం నాకు తెల్దు" అనేవాడు. ఎంత వినయమో అనుకునేవారు జనం. వినయమూ లేదు, వంకాయా లేదు. మనిషి ఉన్న నిజం చెప్పేవాడు.

అసలాయనకి పిట్టలతో ఏం పని? యావంతా కారు పందేల మీదే. ఏటా హోలీ వెళ్లిన ఆదివారం, ఊరి బయట వాడకంలో లేని పాత రన్‌వే మీద ఆఫీసర్ల మోటారు క్లబ్బు పందెం పెట్టేది. పందెం కార్లంటే ఆకాశం నుంచి ఊడిపడ్డవేం కావు. వారమంతా పిల్లల్ని బడికీ పెళ్లాన్ని బజారుకీ తిప్పిన అంబాసిడర్లూ ఫియట్లే. వెనక సీట్లు పీకేసి, తలుపులు తాళ్లతో బిగించి, తారు డ్రమ్ముల చుట్టూ పన్నెండు చుట్లు తోలాలి. సెక్టర్ టూలో ఉండే ఇంజనీరు రామమోహనరావుగారికి అంబాసిడరు ఉంది, అలా తోలే గుండె లేదు. అప్పలసూరికి గుండె ఉంది, కారు లేదు. ఇద్దరికీ అలా కుదిరింది.

నాలుగేళ్లు తోలాడు. నాలుగేళ్లూ ఓడాడు. ఒకసారైతే ముందు చక్రం ఊడి, దొర్లుకుంటూ వెళ్లి, అందరికంటే ముందు గీత దాటింది. కనీసం ఆ చక్రానికైనా కప్పు ఇవ్వండి బాబూ అని క్లబ్బువాళ్లని బతిమాలాడు. ఇంట్లో భార్య సూర్యావతి ట్రంకుపెట్టె మీద అల్లిక గుడ్డ పరిచి, కప్పు కోసం చోటు ఉంచింది. వచ్చేదాకా ఖాళీగా ఎందుకని ఆవకాయ జాడీ పెట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని తనని తానే వెక్కిరించుకునేవాడు గానీ, ఆ జాడీని చూసినప్పుడల్లా గుండెలో కలుక్కుమనేది. ఒక్క కప్పు. దేవుణ్ణి అంతకుమించి ఏమీ అడగలేదు.

డెబ్బై నాలుగులో ఆ కప్పు చేతిదాకా వచ్చింది. ఆఖరి చుట్టులో అందరికంటే ముందున్నాడు. సరిగ్గా అప్పుడు కారు ముందు నుంచి తీతువు పిట్ట లేచి, నెత్తిమీద తిరుగుతూ కూసింది.

తీతువు కూస్తే ఏమవుతుందో తల్లి జోగమ్మ ఉగ్గుపాలతోనే నేర్పింది. ఎదురొచ్చి కూసిందంటే చావు కబురే. ప్రయాణం ఆపాలి, దిగి కూర్చోవాలి, గుక్కెడు నీళ్లు తాగాలి, ఆ తర్వాతే కదలాలి. కారు పందేలకి ఇందులో మినహాయింపు ఉందని జోగమ్మ చెప్పలేదు. అప్పలసూరి బ్రేకు తొక్కాడు. దిగాడు. రన్‌వే మధ్యలో గొంతుక్కూర్చుని, సీసా ఎత్తి నీళ్లు తాగాడు. ఏడు కార్లు పక్కనుంచి వెళ్లిపోయాయి.

పందెం చూడ్డానికొచ్చిన ఛాయ టీచరు పరుగెత్తుకొచ్చింది. బళ్లో సైన్సు చెప్పేది ఆవిడ, పిట్టలంటే ప్రాణం. ముందు చక్రానికి జానెడు దూరంలో, ఉత్త కంకర మీద, కంకర రంగులోనే నాలుగు గుడ్లు.

"అరే, దేఖియే! ఈ గుడ్ల కోసం గెలిచే పందెం వదిలేశారు!" అంది కళ్లనీళ్లు పెట్టుకుని.

కాదమ్మా అందామని అప్పలసూరి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఎవరో లడ్డూ పెట్టారు. మెళ్లో దండ పడింది. తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది వ్యవహారం. నిజం చెబితే పిరికివెధవ, చెప్పకపోతే మహాత్ముడు. మీరైతే ఏం చేసేవారు? ఆయనా అదే చేశాడు, లడ్డూ మింగాడు. జనం విరగబడి వచ్చి చూశారు, ఫోటోలు తీశారు. అంతా వెళ్లాక చూస్తే నాలుగు గుడ్లూ బూట్ల కింద చితికిపోయి ఉన్నాయి. ఆ ముక్క ఏ వ్యాసంలోనూ లేదు.

మర్నాటి నుంచి మొదలైంది బాధ. రెక్క విరిగిన పావురాలు, గాలిపటం దారం చుట్టుకున్న కాకులు, అన్నీ క్యాంప్ వన్‌కే. ఒకడు జబ్బుచేసిన కోడిని కూడా తెచ్చాడు. ఆదివారం వస్తే ఛాయ టీచరు మరోదా చెరువు గట్టుకి లాక్కుపోయి పిట్టల పేర్లు చెప్పేది. ఆయన తల ఊపేవాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాడు మూడు సెక్టర్లలో లేడు.

అలా వేషం వేసుకు తిరుగుతుండగా, ఎనభైలో, మే నెలలో, రాయి ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో, ఒంటరిగా చెరువు గట్టున కూర్చున్నాడు. ఒక తీతువు నీళ్లలోకి దిగి, పొట్ట తడుపుకుని, గబగబా వచ్చి గుడ్ల మీద కూర్చుంది. తడి ఆరగానే మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. మిట్టమధ్యాహ్నం దాకా అదే పని. గరాజ్‌లో మూడు షిఫ్టులూ చేసిన మనిషి, ఇలాంటి డ్యూటీ మాత్రం ఎక్కడా చూడలేదు. 'ఇన్నాల్లూ దీన్నేనా నాను తిట్టుకున్నాను? ఇది అరిసింది నా సావుకి కాదు, దాని పిల్లల కోసం' అనుకున్నాడు. సిగ్గేసింది. చెరువు గట్టున ఒక్కడే కూర్చుని ఏడ్చాడు.

ఆ రోజుతో వేషం ఒంటికి అంటుకుపోయింది. గూడు కనిపిస్తే చుట్టూ సున్నం పూసిన రాళ్లు పెట్టేవాడు. రాళ్లని చూసి లారీవాళ్లు పక్కకి తోలేవారు, తోలనివాడికి క్యాంపు భాషలో పాఠం ఉండేది. బాతుల్ని కాల్చడానికొచ్చిన ఒక పెద్దమనిషి జీపుకి నాలుగు టైర్లలోనూ గాలి తీసేశాడు. మళ్లీ తనే గంటసేపు పంపు కొడుతూ, ఆ గంటా పిట్టల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ పెద్దమనిషి మళ్లీ రాలేదు, టైర్లకి భయపడో ఉపన్యాసానికి భయపడో తెలీదు.

ఎనభై ఆరులో రామమోహనరావుగారు ఇంటికొచ్చారు.

"సూరీ, వచ్చే నెల రిటైరవుతున్నానయ్యా. క్లబ్బు కూడా మూసేస్తున్నారు, ఇదే ఆఖరి పందెం. ఒక్కసారి గెలిపించు."

"నాకు నలబై తొమ్మిది బాబూ. కారుకి నాకంటె మోకాల్ల నొప్పులెక్కువ" అన్నాడు. అంటూనే జాడీ వంక చూశాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

ముందురోజు రన్‌వే అంతా నడిచి, మూడు గూళ్లు పట్టుకుని, సున్నం రాళ్లు పెట్టి, డ్రమ్ములు దూరం జరిపించాడు. నాలుగో గూడు అంచునే ఉంది, కనబళ్లేదు. వెతికిన కళ్లు ఆయనవే కాబట్టి తప్పూ ఆయనదే.

ఆఖరి చుట్టు. ముందున్న ఫియట్‌ని దాటడానికి అంబాసిడర్ని అంచుకి తిప్పాడు. దాటేశాడు కూడా. ఎదురుగా గీత, గీత పక్కన బల్ల, బల్ల మీద కప్పు. అప్పుడు కంకరలోంచి ఒక పిట్ట తల వంచుకుని, చప్పుడు చెయ్యకుండా పక్కకి పరుగెత్తింది. కుయ్యిమనలేదు. గుడ్లున్న తీతువు ఒక్కోసారి అలా కూడా జారుకుంటుందని ఇప్పుడాయనకి తెలుసు. తను పక్కకి తప్పుకుంటే చాలదు, వెనక రెండు కార్లు ఆయన జాడలోనే వస్తున్నాయి. "నీ దుంప తెగ, ఇక్కడే దొరికిందేటే నీకు సోటు!" అని అరిచి, గుడ్లకి ఇవతల కారు అడ్డంగా ఆపేశాడు. వెనకవాళ్లు తిట్టుకుంటూ చుట్టు తిరిగి పోయారు.

"ఏటి సూరీ, మల్లీ తీతువు కూసిందేటి?" అని గరాజ్ జగ్గయ్య కేకేశాడు. జనమంతా ఒకటే నవ్వు. రామమోహనరావుగారు పాలిపోయిన మొహంతో వచ్చి, "ఏమైందయ్యా?" అన్నారు.

ఒక్క మాట చాలు. దండ పడుతుంది, లడ్డూ వస్తుంది. వెనకే బూట్లూ వస్తాయి.

"ఇంజను పట్టీసింది బాబూ. ముసిలిదైపోనాది, నాను గూడా" అన్నాడు. బానెట్ ఎత్తి తల లోపల పెట్టాడు. ఇంజనీరుగారు ఇంకేం అడక్కుండా వెళ్లిపోయారు. అప్పలసూరికి అదే ఎక్కువ నొప్పెట్టింది. తోస్తామని వచ్చినవాళ్లని ఇంజను చల్లారాలని చెప్పి పంపేశాడు.

జనం పోయారు, కప్పూ పోయింది. మధ్యాహ్నం సూర్యావతి క్యారేజీ పట్టుకొచ్చేసరికి మొగుడు ఎండలో నిలబడి ఉన్నాడు. కారు నీడలో తీతువు గుడ్ల మీద కూర్చుని ఉంది. అప్పలసూరి జరిగిందంతా చెప్పాడు. చెప్పి, "ఇంకోటి సెప్పాల. డెబ్బై నాలుగులో నాను పిట్ట కోసం ఆగలేదే. బయమేసి ఆగినాను" అన్నాడు.

"తెల్దేటి నాకు? గుడ్ల కోసం ఆగినోడు గొంతుక్కూకుని నీల్లెందుకు తాగుతాడు? మన క్యాంపులో అందరికీ తెలుసు. పన్నెండేల్ల నుంచి నవ్వుకుంటన్నారు."

"మరి ఒక్కులూ సెప్పలేదేటే?"

"సెప్తే నువ్వు మానేస్తావని."

అప్పలసూరికి ఎన్ని వ్యాసాలు విన్నా రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"ఆ జాడీ ఉన్న సోటే ఉండనీ మావా. ఎండ, బేగి తాగు" అని సూర్యావతి నీళ్ల సీసా అందించింది. ఈసారి నిలబడే తాగాడు.