కర్ఫ్యూ పూట పియానో

మొన్న మా వీధిలోని రిపేరు దుకాణం ముందు నిలబడితే, ఎవరిదో పాత రేడియో వేడెక్కి దుమ్ము కాలిన వాసన వచ్చింది. ఆ వాసనతో సంతోష్‌నగర్‌లో మా పక్కింటి హమీద్ చాచా ముందుగది, పచ్చ గుడ్డ కప్పిన రికార్డు ప్లేయరు, రంజాన్ సాయంత్రాల్లో చాచీ గోడ మీదుగా అందించే దహీబడా, క్రిస్మస్‌కు మా అమ్మ అటు పంపే అరిసెలు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

చాచా వయసులో ఉండగా సికింద్రాబాద్‌లో ఏదో పెద్ద హోటల్లో బేరర్‌గా పనిచేశాడట. అది మూతపడ్డప్పుడు పారేస్తున్న సామాన్లలోంచి ఒక జాజ్ రికార్డు తెచ్చుకున్నాడు. పియానో, మనిషంత ఎత్తు బేస్ ఫిడేలు, డ్రమ్ములు. వాయించేది ముగ్గురే, పాడేవాళ్లు లేరు. డ్రమ్ము మీద కుంచెలతో రాస్తుంటే అమ్మ చాటలో బియ్యం చెరుగుతున్నట్టుండేది. బేసు మోత చెవికంటే ముందు కాళ్లకింది షాబాదు బండలకు తెలిసేది. పియానో ఆయన మాత్రం ఎక్కడా తొందరపడడు, ఒక మాట అనబోయి, ఆగి, ఇంకొంచెం మెత్తగా అన్నట్టు వాయించేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, ఒక మధ్యాహ్నం పురానాపూల్ వైపు గొడవలయ్యాయని, కర్ఫ్యూ పెట్టారని తెలిసింది. ఫ్యాక్టరీకి పోయిన మా బాపు రాలేదు. కాలేజీకి పోయిన చాచా కొడుకు అన్వర్ భాయ్ రాలేదు. చాచా అమ్మనూ నన్నూ తన ఇంటికి పిలిచి, గడియ వేసి, ఆ రికార్డు సన్నగా పెట్టాడు.

“గిప్పుడు పాటలేంది భాయ్?” అంది అమ్మ ఏడుపు గొంతుతో.

“పాట కాదు చెల్లే. గిందుల మాటలే లేవు. జర నిమ్మలంగ ఊపిరి తీసుకో.”

రికార్డు అయిపోయినప్పుడల్లా బయటి నిశ్శబ్దం గదిలోకి వచ్చేది. చాచా మళ్లీ ముల్లు పెట్టేవాడు.

పొద్దు వాలేముందు బాపు సందుల వెంట నడిచి ఇల్లు చేరాడు. అన్వర్ భాయ్ రాలేదు. మర్నాడు కర్ఫ్యూ సడలించగానే బాపూ చాచా కలిసి వెతుకుతూ పోయి, ఆసుపత్రి నుంచి అతన్ని తీసుకొచ్చారు. రాయి తగిలి ఎడమ చెవి వినికిడి పోయింది.

కొన్నాళ్లకు చాచా కొడుకు కోసం అదే రికార్డు పెట్టాడు. అన్వర్ భాయ్ తల అటూ ఇటూ తిప్పి విని, “బంద్ కరో అబ్బా,” అన్నాడు. చాచా ముల్లు ఎత్తేశాడు. మళ్లీ ఎన్నడూ పెట్టలేదు. ఆ ఏడే వాళ్లు చాంద్రాయణగుట్ట అవతలికి మారిపోయారు.

ఇప్పుడు చాచా లేడు. మా రెండు పెంకుటిళ్లూ లేవు. పోయినేడు ఒక పెళ్లిలో అన్వర్ భాయ్ కనిపిస్తే, ఆ రికార్డు ఏమైందని అడిగాను.

“ఇల్లు మారేటప్పుడు పలిగింది,” అన్నాడు. మళ్లీ తనే, “మంచిగుంటుండెనా చెల్లే? అబ్బాకు పిచ్చి అని నవ్వెటోన్ని. చెవులు రెండు ఉన్నప్పుడు ఒక్కసారన్న పూరా వినలే,” అన్నాడు.

నేను ఆయన కుడివైపుకు జరిగి కూర్చుని, గుర్తున్నంత మేరకు సన్నగా కూనిరాగం తీశాను. పెళ్లి బ్యాండు హోరులో ఆయనకు ఎంత వినిపించిందో తెలియదు.