గటక గంప

మా తోడికోడలు నాకంటే చిన్నది, సన్నది. తిండి మాత్రం నాకు రెండింతలు తినేది. నేను జొన్న గటక తిని చెయ్యి కడుక్కునే సరికి ఆమె ఇంకా పచ్చిపులుసు పోసుకుంటూ ఉండేది. అయినా ఆమె నడుము పిడికెడే. నాదేమో దర్వాజాలో నిలబడితే గాలి కూడా ఆగిపోయే ఒళ్లు. ఆమెను చూస్తే నాకు కడుపు మండిపోయేది. మా అమ్మ, అమ్మమ్మ అందరివీ ఇవే ఒళ్లని చెప్పినా మా అత్త నమ్మలేదు. "దొంగసాటుకు మింగుతది" అని ఊరంతా చాటింది.

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. మానుకోట దాటి గంగారం దిక్కు పోతే అడవి అంచున మా ఊరు. అడవిలో ఉన్న దళానికి తిండి మోసే పని సంఘం మా ఇంటికి అప్పజెప్పింది. నేను మోస్తానన్నాను. మా మరిది నవ్వి, "వాగు కాడికి పోయేసరికే ఆయాసపడ్తవు వదినా" అని గంప తన పెండ్లానికిచ్చాడు. రోజూ సాయంత్రం ఆమె తిరిగొచ్చి అడవి ముచ్చట్లు చెప్తుంటే ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని వినేవాళ్లు. నేను పొయ్యి ముందు కూర్చుని పొగ వంకతో కళ్లు తుడుచుకునేదాన్ని. ఆ గంప నాకు కావాలి, అంతే.

సన్నబడాలని పగలంతా పస్తులున్నాను. పొద్దుగూకితే ఆగలేక ఇద్దరి తిండి తిన్నాను. ఒకనాడు బావి దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. మానుకోట దవాఖానలో కంపౌండర్ నాడి చూసి, "పస్తులుంటే ఒళ్లు తగ్గదమ్మా. ఏళకు తిను, మంచిగ నడువు. కొందరి ఒంటి తీరే గంత, నువ్వేం తప్పు చెయ్యలే" అన్నాడు. ఆ మాట మా అత్త కూడా వింటే బాగుండేదనిపించింది.

అంతలో ఊరి బయట క్యాంపు వేసిన పోలీసులు వాగు దగ్గర మా తోడికోడలిని ఆపారు. "గింత గటక ఎవలకే?" అని అడిగారు. ఆమె పొలంలో కూలోళ్లకని చెప్పింది. పొలంలో పిట్ట కూడా లేదు. గటకంతా నేలపాలు చేసి, ఆమె వీపు వాచేలా కొట్టి పంపారు. ఇంట్లో అందరూ వణికిపోతుంటే నేను గంప ఎత్తుకున్నాను. వాగు దగ్గర నన్నూ ఆపారు.

"గింత ఎవలకే?"

"నాకే, అయ్యా. సూస్తలేరా నన్ను?"

వాళ్లు పగలబడి నవ్వారు. "పోనియ్, గీమెకు గది గూడ సాలది" అన్నాడొకడు. సిగ్గుతో చచ్చిపోయాను. గంప మాత్రం అడవికి చేరింది.

ఇక రోజూ నేనే. మొదట్లో ఇప్పచెట్టు కింద కూర్చుంటేగానీ ఊపిరి అందేది కాదు. పొద్దున గటక, ఆకుకూర కడుపు నిండా తిని నడిచేదాన్ని. వానాకాలం వచ్చేసరికి ఎక్కడా ఆగకుండా పోతున్నాను. మోకాళ్ల నొప్పి పోయింది, రవిక వదులైంది. ఈలోగా తోడికోడలు నీళ్లాడింది. కాన్పు తర్వాత ఆమె ఒళ్లు చేసింది, పిడికెడు నడుము ఎటు పోయిందో తెలియలేదు. నాకెంత సంబరమైందో చెప్పలేను.

ఒకనాడు పోలీసు నన్ను పైకీ కిందికీ చూసి, "గిదంత నువ్వే తింటవా? తిను, సూస్త" అన్నాడు. అక్కడే కూర్చుని తిన్నాను. గొంతు దాకా వచ్చినా మింగాను. సగం కూడా కాలేదు. అతను గంప వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమనుకున్నాడో పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. "ఇగ నీ మాట ఎవడు నమ్మడు వదినా" అన్నాడు మరిది.

తెల్లారి తోడికోడలు బిడ్డను నా చేతిలో పెట్టి, గంప తలకెత్తుకుంది. "నాకే అని ఎట్లనాల్నో జర చెప్పక్కా" అంది.

చెప్పాను. ఆమె ఒగరుస్తూ, నడుం పట్టుకుంటూ వాగు దిక్కు పోయింది. నేను పరుగెత్తినా ఆయాసం రాని ఒంటితో, ఆమె బిడ్డను ఎత్తుకుని, ఆ గంప కనిపించినంత సేపూ కళ్లల్లో నిప్పులు పోసుకుని గడపలో నిలబడ్డాను.