మొదటి ఆప్షను

నన్ను ఇంట్లోనే చదివించింది నాన్న. జీడితోట పని అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవారు. ఓపెన్ స్కూల్లో ఇంటరు పాసయ్యాను. ఆ వరం ఇచ్చిన దేవుడికి ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను.

డిగ్రీకి దరఖాస్తు చేసే నాటికి నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు టెక్కలిలో డయాలసిస్. తోడు వెళ్లడానికి నేనొక్కదాన్నే. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే కూర్చుని, ఫోనులో కాలేజీల జాబితా చూస్తూ మేజరంటే ఏమిటో, మైనరంటే ఏమిటో చెప్పాను.

"కొబ్బరితోట మేజరు, సెట్ల మజ్జలో ఏసిన జీడి మైనరు. అంతే కదేటి?" అన్నారు.

వారానికి ఇన్ని గంటల పాఠానికి ఇన్ని క్రెడిట్లని చెబితే, చేతికున్న గొట్టం వైపు చూసి నవ్వారు. "ఈ మంచం మీద గంటలు కూడా నెక్కేత్తే నాకీపాటికి డిగ్రీ వొచ్చీసును."

విశాఖపట్నంలో లెక్కలు మేజరుగా చదవాలని ఆయన కోరిక. టెక్కలి కాలేజీలో నాకు దొరికే మేజరు ఫిజిక్సు. లెక్కలు రెండో సెమిస్టరులో మైనరుగా తీసుకోవచ్చు. దరఖాస్తులో కాలేజీల ఆప్షన్లు వరసగా ఇవ్వాలి; విశాఖే మొదట పెట్టమన్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చి దేవుడి పటం ముందు కూర్చుని టెక్కలి మొదట పెట్టాను. నేను వెళ్లిపోతే ఆయన్ని ఆటో ఎక్కించేదెవరు?

సీటు టెక్కలిలో వచ్చింది. విశాఖలో రాలేదని చెప్పాను. అది అబద్ధమని కూడా అప్పుడు అనిపించలేదు.

నాన్న మెల్లగా అన్నారు: "తప్పు నీది కాదమ్మా. నానే సరిగ్గా సెప్పనేకపోనాను."

నిజం చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెబితే తన జబ్బు వల్లే ఆగిపోయానని కుమిలిపోతారు. చెప్పకపోతే తాను చెప్పిన చదువు చాలలేదనుకుంటారు. ఏది తక్కువ నొప్పో తేల్చుకోలేక రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రానేలేదు.

మొదటి సెమిస్టరు పరీక్షలకి ముందే నాన్న పోయారు. చివరి వరకూ డయాలసిస్‌కి ప్రతిసారీ నేనే తీసుకెళ్లాను. ఆ భాగ్యానికి కృతజ్ఞురాలిని.

నిన్న రెండో సెమిస్టరు ఫారం ఇచ్చారు. మైనరు అన్న చోట లెక్కలు అని రాశాను. తిరిగి వచ్చే బస్సు ఆసుపత్రి ముందు ఆగితే, దిగాల్సినదానిలా లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చుని కళ్లు మూసుకున్నాను.

స్వామీ, మా నాన్న నాకు చదువు బాగానే చెప్పారు. ఆ మాట నువ్వైనా ఆయనకి చెప్పు.