దేవదారు, బావి గోడ నాచు

పచ్చగా కనిపించేదంతా బతికే ఉందని మీకు ఎవరు చెప్పారు?

మొన్న మొయినాబాద్ నర్సరీలో అరుదైన రకమంటూ ఒక దేవదారు మొక్కను చూపించారు. ఆ జిగురు వాసన తగలగానే కనకమామిడిలోని మా జామతోటకు, నా పదో ఏటికి వెళ్లిపోయాను.

వానలు పడ్డాక మా బాపు జామ కొమ్మల బెరడు గోటితో గీరి, లోపల పచ్చి ఉన్న కొమ్మనే ఎంచుకొని, బావి గోడ నుంచి ఒలిచి తెచ్చిన తడి నాచు చుట్టి అంటు కట్టేవాడు. ఆ నాచు ఎండాకాలమంతా రాతిని కరుచుకొని గోధుమరంగు పొట్టులా ఉండేది, దోసెడు నీళ్లు చల్లితే మా అష్టాచెమ్మా ఒక ఆట ముగిసేలోపు ఆకుపచ్చగా లేచేది. దాని మీద జారి మోకాళ్లు పగలగొట్టుకోని పిల్లలు మా వాడలో లేరు, దానికి దండం పెట్టిన పెద్దలూ లేరు.

దండాలన్నీ దేవదారుకే. ఊరి పెద్ద రైతు ఒకాయన ఎక్కడి చలికొండల నుంచో తెచ్చి వాకిట్లో నాటిన ఆ చెట్టు మా చుట్టుపక్కల మరొకటి లేదు. అరుదైనది గనుక మహిమ ఉందన్నారు. రోజూ పాలు, పసుపు నీళ్లు పోసేవారు. నైవేద్యం పెట్టిన శనగ గుడాల వాసన, ఊదుపొగ, వాటి కింద చెట్టు మొదట్లో మట్టి పులిసిన కంపు.

ఆ ఏడు అక్కకు జ్వరం పట్టి దిగలేదు. పదకొండు రోజులు చెట్టు చుట్టూ తిరిగితేనే తగ్గుతుందని, అప్పటిదాకా దవాఖాన గడప తొక్కొద్దని బాపు తల్లి, మా అవ్వ, ఒట్టు పెట్టింది. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు బాపు. ఐదో రోజు అక్క కాళ్లు నిలవకపోతే భుజాన వేసుకొని తిరుగుతున్నాడు. వెనకే నడుస్తున్న నేను, జామ కొమ్మను చూసినట్టే, ఆ చెట్టు బెరడు గీరాను. లోపల ఎండుగడ్డి రంగు. ఇంకోచోట గీరాను. అదే. అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసింది.

"దేవుని తోలు గీకుతవానే? కండ్లు పోతయ్."

"బాపూ, ఇది సచ్చిపోయింది. నువ్వే గీకి సూడు."

బాపు ఆగి, తన గోటితో గీరి చూశాడు.

"గిసొంటి కొమ్మకు నేను అంటు సుత కట్టనవ్వా," అన్నాడు. "నా బిడ్డను కడ్తనా?"

అట్నుంచి అటే అక్కను చేవెళ్ల దవాఖానకు ఎత్తుకుపోయాడు. నెల్లాళ్లకు ఆమె లేచి తిరిగింది. పోసిన పాలకు, నీళ్లకు వేళ్లు కుళ్లి చచ్చినా ఆ చెట్టు సూది ఆకులు వారాల తరబడి పచ్చగానే ఉన్నాయి. మిగిలిన ఆరు రోజులూ అవ్వ ఒక్కతే తిరిగింది; అక్క బతికింది అందుకేనని పోయేదాకా వాదించింది.

ఇప్పుడు ఆ తోట ఫాంహౌస్ అయింది, బావి పూడింది, అంటు కట్టే చేతులు లేవు. పోవలసినది మాత్రం పోలేదు. నిరుడు ఆలూరులో ఒక తల్లి జ్వరపు బిడ్డను ఎత్తుకొని మొక్కుల రాయి చుట్టూ తిరుగుతుంటే ఆపి, ఆటో ఎక్కించాను. దారంతా తిట్టింది. తిట్టనివ్వండి.

మీ ఇంట్లో జ్వరం దిగని మనిషి మొక్కు తీరేదాకా మూలన పడుకొని ఉంటే, ఈ పుస్తకం మూసేయండి. లేవండి. ఇప్పుడే దవాఖానకు తీసుకెళ్లండి.