మొదటి మలుపులో మా లీడ్‌ను గుద్దిన ఆదివారం

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నేను ఏ రేసులోనూ ఓడిపోలేదు. ఎవరితోనూ పోటీకి దిగకపోవడమే దానికి కారణమన్న సంగతి మాత్రం బయటికి చెప్పేవాణ్ణి కాదు. ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని, ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో అద్దె ఫ్లాట్, ఆ ఫ్లాట్‌లో భోజనాల బల్లకు బిగించిన ఒక స్టీరింగ్, కార్పెట్ మీద జారిపోకుండా గోడకు ఆనించిన పెడల్స్. అదీ నా ప్రపంచం. దీన్ని సిమ్ రేసింగ్ అంటారు. వీడియో గేమే, కానీ ఆ మాట అంటే మా వాళ్ళకు కోపం వస్తుంది. ట్రాకులన్నీ అసలు ట్రాకులకు నకళ్ళు. రోడ్డు మీది చిన్న గుంట కూడా స్టీరింగ్‌లో చేతికి తెలుస్తుంది. బ్రేకు కాస్త ఆలస్యమైందా, కారు గడ్డిలో ఉంటుంది. (నిజం కారు నడపడానికి మాత్రం నాకు అప్పటికి ఈ దేశపు లైసెన్సు లేదు. రౌండెబౌట్ అనే గుండ్రటి కూడలి దగ్గర వచ్చేపోయే వాళ్ళందరికీ దారి ఇస్తూ అక్కడే నిలబడిపోయానని డ్రైవింగ్ టెస్టులో ఫెయిల్ చేశారు. మర్యాదకు కూడా మార్కులు పోయే దేశం ఇదని అప్పుడే తెలిసింది.)

ఆ ఫ్లాట్‌లో నాతోపాటు బావ ఉండేవాడు. నాకు చుట్టమేమీ కాదు. ప్రొద్దుటూరు నుంచి నాకంటే చాలా ముందే వచ్చిన సీనియర్. మా చుట్టుపక్కల తెలుగు కుర్రాళ్ళందరికీ ఆయన బావే. వంట ఆయనది, గిన్నెలు కడగడం నాది. భోజనాల బల్లను నేను ఆక్రమించినందువల్ల ఇద్దరం సోఫాలో పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం. దానికి ఆయన ఏనాడూ విసుక్కోలేదు గానీ, ఒకరోజు నా వెనక నిలబడి చాలాసేపు చూసి అడిగాడు.

"అబ్బీ, ఆ పక్కన పోయే కార్లలో ఎవురుండారు?"

"ఎవరూ లేరు బావా. వాటిని కంప్యూటరే నడుపుతుంది."

"ఎవురూ లేరా? మరి ఎవుర్ని గెలిచినావని పొద్దున చేతులెత్తి ఎగిరితివి?"

నా దగ్గర కారణాలకు కొదవ లేదు. మన ఇంటర్నెట్టు అంతంత మాత్రం బావా, మధ్యలో తెగిపోతే పరువు పోతుంది అన్నాను. ఒంటరిగా ఆడితే ఎప్పుడంటే అప్పుడు ఆపుకోవచ్చు, మనుషులతో ఆడితే అమ్మ వీడియో కాల్ చేసినా ఆగదు అన్నాను. ఇంకొంచెం సాధన చేశాక వెళ్తానన్నాను. (పెళ్ళిచూపులు వాయిదా వేసేవాళ్ళు కూడా ఇదే మాట అంటారు.) ఇవన్నీ నిజాలే. అసలు నిజం ఇంకొకటి ఉంది. అంతకుముందు ఒకసారి ఎవరైనా చేరగలిగే రేసులోకి ధైర్యం చేసి వెళ్ళాను. మొదటి మలుపు దగ్గర కార్లన్నీ సంతలో గొర్రెల్లా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరు ఎవర్ని గుద్దారో తెలియదు, కానీ హెడ్‌సెట్‌లో ఇంకా గొంతు కూడా మారని ఒక పిల్లవాడు నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. నాకు సగమే అర్థమైంది, ఆ సగమే చాలింది. కంప్యూటర్‌ను ఆపడానికి కూడా ఆగకుండా ప్లగ్గు పీకేశాను. ఆఫీసు మీటింగుల్లో నోరు విప్పకపోవడానికి కారణం కూడా దాదాపు ఇదే. కంప్యూటరు కార్లను గుద్దితే అవి ఏమీ అనుకోవు. మళ్ళీ మొదలుపెట్టు అనే బటన్ నొక్కితే అంతా మరిచిపోతాయి. మనుషులు అలా కాదు కదా.

మా టీమ్ లీడ్‌ది షెఫీల్డు. ఎర్రగా, పొడుగ్గా, ఎప్పుడూ టీ మగ్గుతో ఉండే మనిషి. ఆ ఊళ్ళో మగవాళ్ళు మగవాళ్ళను కూడా 'లవ్' అని పిలుస్తారట. మొదటిరోజు ఆయన నన్ను "మార్నింగ్, లవ్" అన్నప్పుడు నేను వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాను. ఒకరోజు ఆఫీసు వంటగదిలో, వారాంతం ఏం చేశావని అడిగితే, నోరు జారి సిమ్ రేసింగ్ అన్నాను. ఆయన మగ్గు కింద పెట్టేశాడు. ఏ ట్రాకు, ఎంతలో చుట్టి వస్తావు అన్నాడు. చెప్పాను. ఆ అంకె వినగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "నువ్వు మాతో ఆడి తీరాలి లవ్, ఆదివారం మధ్యాహ్నాలు మేమంతా కలుస్తాం" అన్నాడు.

అప్పటి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. ఆదివారం వచ్చేసరికి నాకు లండన్ అంచున ఇల్ఫర్డ్‌లో ఒక బాబాయి పుట్టుకొచ్చాడు. ఒక వారం ఆయన ఇంట్లో పూజ, ఇంకో వారం ఆయన కూతురికి పుట్టినరోజు, ఆ తరవాత ఆయనకు నడుంనొప్పి. మా లీడ్ మంచి మనిషి. సోమవారం రాగానే పనికంటే ముందు "మీ బాబాయి నడుం ఎలా ఉంది?" అని అడిగేవాడు. చేతకాక చివరికి ఈ ఆదివారం బాబాయి ఇల్లు మారుతున్నాడని చెప్పాను. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా, "నడుంనొప్పి మనిషి సామాన్లు ఎలా మోస్తాడు? నాకు వ్యాన్ ఉంది. ఒక్క ఆదివారం రేసు పోతే పోనీ, నేను వస్తాను" అన్నాడు. లేని మనిషి సోఫాలు ఏ ఇంట్లోంచి తెచ్చి ఆ వ్యాన్‌లోకి ఎక్కించను? ఇల్లు మారడం వాయిదా పడిందని, అంచేత ఈ ఆదివారం ఖాళీయేనని, రేసుకు తప్పకుండా వస్తానని అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం బావ వంటింట్లో పప్పుకు కుక్కరు పెట్టి, నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా లీడ్ గుంపులో ఆయన స్నేహితులు, ఆఫీసు వాళ్ళు కలిపి ఒక చిన్న మందే ఉన్నారు. హెడ్‌సెట్‌లో వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మైకు ఆపేశాననుకుని ధీమాగా ఉన్నాను. రేసు మొదలయ్యే వరుసలో నాకు మా లీడ్ వెనకనే చోటు దొరికింది. ఇక పొమ్మన్నట్టు తెర మీది ఎర్ర దీపాలు ఆరాయి, అందరం కదిలాం.

"ముందర బండి పోతాంది సూడు. తగులుకో అబ్బీ, తగులుకో!" అన్నాడు బావ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రొద్దుటూరులో తగులుకోవడమంటే వెంబడించడం. మా తెనాలిలో తగులుకోవడమంటే తగులుకోవడమే. నేను రెండూ చేశాను. ఇన్నాళ్ళూ ఒంటరిగా తిరిగినప్పుడు ఏ గుర్తు దగ్గర బ్రేకు వేసేవాణ్ణో సరిగ్గా అక్కడే వేశాను. కానీ వెనక అంత మంది వస్తుండగా, రేసు మొదట్లోనే ఎవరైనా కాస్త ముందుగా బ్రేకు వేస్తారన్న సంగతి నాకు తెలియదు. నా ముందు ఎప్పుడూ మనిషి లేడు కదా. మా లీడ్ ముందుగా వేశాడు. నేను నేరుగా వెళ్ళి ఆయన కారు వెనక భాగాన్ని ఢీకొట్టాను. ఇద్దరం గిర్రున తిరిగి కంకరలో పడ్డాం. తక్కిన కార్లన్నీ మా పక్కనుంచి వెళ్ళిపోయాయి.

"అయ్యయ్యో, సార్‌ని గుద్దేశాను బావా! నా ఉద్యోగం పోయింది!" అని అరిచాను. చెయ్యి దానంతట అదే బల్ల కిందికి, ప్లగ్గు వైపు పోయింది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడికి పోతాండావు?"

"ఆపేస్తా బావా. ఇంటర్నెట్టు పోయిందని చెప్తా."

"గుద్దినోడు బండి నిలిపి, పడినోడు లేసినాకనే పోవల్ల. ఆయప్ప లేసినాడో లేదో సూడకుండా పారిపోతావా? కూసో."

అది నిజం రోడ్డు కాదని, లేవడానికి అక్కడ ఎవరూ పడలేదని నాకు తెలుసు. అయినా కూర్చున్నాను. మా లీడ్ కారు కంకరలోంచి మెల్లగా వెనక్కి వచ్చి, తిరిగి, రోడ్డెక్కేదాకా ఆగాను. ఆయన వెళ్ళాకే కదిలాను. అందరూ అప్పటికే చాలా ముందుకు పోయారు. ట్రాకు మీద వెనకబడిన వాళ్ళం మేమిద్దరమే మిగిలాం.

ఆ తరవాత జరిగినదాన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఆయన ముందు, నేను వెనక. ఒక మలుపులో లోపలివైపు నా కారు ముక్కు పెట్టాను. కంప్యూటరు కారైతే నన్ను చూడకుండా దాని దారిన అది వచ్చేసేది. ఆయన చూసుకుని నాకు కారు పట్టేంత చోటు వదిలాడు. పక్కపక్కనే మలుపు తిరిగాం. తరవాతి మలుపులో నేను ఆయనకు అంతే చోటు వదిలాను. ఒకసారి ఆయన ముందు, ఒకసారి నేను. ఎవరో మనిషి నన్ను గమనించి, నేను ఏం చేస్తానో ఊహించి, దానికి తగ్గట్టు కదులుతున్నాడు. ఈ దేశం వచ్చాక ఆఫీసు బయట ఒక తెల్లాయనతో నేను అంతసేపు గడపడం అదే మొదటిసారి. అదీ మాట్లాడకుండా. (మాట్లాడకుండానే అనుకుంటున్నాను అప్పటికి.) చివరికి రేసు ముగిసే గీత దగ్గరికి ఆయన నాకంటే కారు ముక్కంత ముందు చేరాడు. నేను అందరికంటే ఆఖరున వచ్చాను. చొక్కా మొత్తం తడిసిపోయింది. ముఖం మీద నవ్వు మాత్రం ఆగడం లేదు.

 అప్పుడు హెడ్‌సెట్‌లో మా లీడ్ గొంతు వినిపించింది. "లవ్, రెండు ప్రశ్నలు. ఒకటి, రేసు పొడుగునా మధ్యమధ్య ఏదో కూత వినిపించింది. నా గేర్‌బాక్సు పోతోందనుకుని జాగ్రత్తగా నడిపాను. అదేమిటి? రెండోది, 'తగులుకో' అంటే ఏమిటి?"

మైకు మొదటినుంచీ తెరిచే ఉంది. ఆ రెండు ప్రశ్నలూ బావకు చెప్పాను. బావే నా తల పక్కకు వంగి, తన ఇంగ్లీషులో, కుక్కర్ విజిల్ అని, పప్పు అని, ఆకలైతే రమ్మని చెప్పాడు. అవతల అందరూ నవ్వారు. అది తిట్టే నవ్వు కాదని నాలాంటివాడికి కూడా తెలిసింది.

మర్నాడు క్షమాపణ చెప్పడానికి వంటగదిలో ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. "గుద్దినవాడు ఆగడం నేను చాలా తక్కువ చూశాను" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి చెప్పాడు. మొదట్లో ఆయన కూడా ముక్కూ మొహం తెలియనివాళ్ళ రేసుల్లోకి వెళ్ళి, తన వల్ల ఎవరి ఆదివారం పాడైపోతుందోనని భయపడి మానేశాడట. ఆ గుంపులో ఒకాయనకు రేసు మధ్యలో పసిపిల్ల ఏడిస్తే లేచి వెళ్ళాల్సి వస్తుంది, ఒకావిడకు తను కారు మరీ మెల్లగా నడుపుతానని సిగ్గు. అలాంటివాళ్ళందరినీ వెతికి పోగేసి, తిట్టుకోకూడదన్న ఒక్క షరతుతో ఆయన ఆ ఆదివారాలు మొదలుపెట్టాడట. నేను భయపడి తప్పించుకు తిరిగింది నాకంటే ముందునుంచీ భయపడుతున్న వాళ్ళ నుంచి! "అది సరే, మీ బాబాయి ఇల్లు ఎప్పుడు మారుతున్నాడు?" అన్నాడు. ఇండియాకు వెళ్ళిపోయాడని చెప్పాను. ఆయన నా వంక అదోలా చూసి, టీ చల్లారిపోతుందని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నాకు లైసెన్సు ఉంది, ఇల్లు ఉంది, గరాజులో రేసింగు సీటు ఉంది, హెడ్‌సెట్ కింద ఇరుక్కునే కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. ఆదివారం గుంపు ఇంకా నడుస్తోంది. గుంపు లేని రోజుల్లో ఒక్కణ్ణే ఆ పాత ట్రాకు మీదికి వెళ్తాను. మనం ఒకప్పుడు అన్నిటికంటే వేగంగా చుట్టి వచ్చిన పరుగును ఈ ఆట దాచిపెట్టి, గాజులా అవతలివైపు కనిపించే ఒక కారు రూపంలో మనతోపాటు నడిపిస్తుంది. అది బ్రాక్‌నెల్ ఫ్లాట్‌లో ఉన్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, నడిపిన కారు. చివరిదాకా బ్రేకు వేయడు, వెనక్కి చూడడు, ఎవరికీ చోటు వదలడు. అప్పటికి అతనికి ఎవరూ లేరు మరి. నేను ఎంత ప్రయత్నించినా అందుకోలేను. అది వట్టి నీడ, తగిలినా ఏమీ కాదు, దాని మధ్యలోంచే వెళ్ళిపోవచ్చు. అయినా మొదటి మలుపు రాగానే నేను కాస్త ముందుగా బ్రేకు వేసి, అతన్ని వెళ్ళనిస్తాను.