మ్యాచ్ లేదని చెప్పింది నేనే

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈ రోజు మీకు చెప్పగలుగుతున్నాను.

మడివాళలో నాకొక టీ అంగడి ఉండేది. మా పేటకు ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. మా అక్క భర్త, మా బావ, అందులో గోల్‌కీపర్. క్లబ్‌ను నడిపే ఫ్యాక్టరీ యజమానే ఆటగాళ్లకు ఉద్యోగాలు కూడా ఇచ్చాడు. మ్యాచ్ ఎప్పుడు, ఎక్కడ అన్నది ఏ పేపర్లోనూ వచ్చేది కాదు. అందరూ నా అంగడికి వచ్చి అడిగి, టీ తాగి, అక్కడి నుంచి గుంపుగా కదిలేవాళ్లు. తొంభైల్లో ఆ గుంపుకు ముందు నడుస్తూ గొంతు చించుకున్నవాణ్ణి నేనే.

తర్వాత కేబుల్ వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటాక అంగట్లో పెద్ద టీవీ పెట్టాను. ఇంగ్లండులో ఏదో ఊరి ఫుట్‌బాల్ జట్టొకటి పిచ్చిలా పట్టుకుంది. ఆ ఊరు ఏ మూలన ఉందో తెలియదు గానీ, 'మనం గెలిచాం' అనేవాణ్ణి. మనమట! సిగ్గుండాలి. బావ ఆట చూస్తే ఆవలింతలు వచ్చేవి.

ఒకసారి బావ వచ్చి, శనివారం మ్యాచ్‌కు యజమాని వస్తున్నాడనీ, జనం లేకపోతే క్లబ్ మూసేస్తానన్నాడనీ చెప్పాడు. జనాన్ని పోగుచేసే పని నాకే అప్పజెప్పాడు. తలూపాను.

ఆ శనివారం సన్నగా తుంపర. అదే సాయంత్రం టీవీలో నా జట్టు ఆట. అందరికంటే ముందు పక్కవీధి నారాయణప్ప వచ్చాడు.

"మ్యాచ్ ఎన్ని గంటలకప్పా?"

"లేదప్పా. గ్రౌండులో నీళ్లు నిలిచినాయంట. రా, కూర్చో, టీవీలో మంచి ఆట ఉండాది."

వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను. ఎందుకు? టీ అమ్ముకోవడానికా? అదైతే పొట్టకూటి కోసమని సర్దిచెప్పుకునేవాణ్ణి. కాదు. నా జట్టు గోల్ కొడితే నా చుట్టూ అంగడి నిండా కేకలు వినిపించాలి, అంతే. ఆ ముచ్చట కోసం ఇంత ద్రోహం.

ఖాళీ మైదానం చూసి యజమాని ఆట సగంలోనే వెళ్లిపోయాడు. క్లబ్ పోయింది. దాంతో బావ ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు బెళ్ళందూరులో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్.

మ్యాచ్ జరిగిందని తర్వాత అందరికీ తెలిసింది. ఒక్కడైనా నా కాలర్ పట్టుకుని అబద్ధమెందుకు చెప్పావని అడగలేదు. పోతే పోయిందిలే అనుకున్నారు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ మండిపడటానికి నేనెవణ్ణి? ఆట ఎక్కడ బాగుంటే అక్కడ చూస్తాం, తప్పేముంది అని కుర్రాళ్లు నాతో వాదిస్తారు. నిజమే, చూడండి. నేను చేసింది చూడటం కాదు. సొంత జట్టు కోసం బయల్దేరినవాళ్లను దారిలోనే వెనక్కి తిప్పాను.

పేటవాళ్లు వానకు భయపడి ఇళ్లలో కూర్చున్నారనే బావ ఇప్పటికీ అనుకుంటున్నాడు. వాళ్ల ముఖం చూడడు. ఎవరింట్లో పెళ్లయినా రాడు. అందుకే నిజం ఆయన చెవిన పడలేదు. మాట్లాడితే నాతోనే మాట్లాడతాడు. పేట మొత్తంలో నేనొక్కణ్ణే తనవాణ్ణట! అది విన్నప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

వాళ్లు వచ్చారు బావా. తుంపరలో తడుస్తూ నీ కోసమే వచ్చారు. నేనే పోనివ్వలేదు.