సింత్రా తోటలో దారి అడిగిన మనిషి

మా ఆయన దర్జీ. అమీర్‌పేటలో, ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డుకు రెండు సందుల లోపల, నలభై ఏళ్లకు పైగా కోట్లు, ప్యాంట్లు కుట్టారు. వాళ్లది సిరిసిల్ల, తాతల నాటి నుంచీ మగ్గం పని. నాది తెనాలి పక్కన చిన్న ఊరు. పంజాగుట్టలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్తలో, మా తమ్ముడి పెళ్లికి కోటు కుట్టించడానికి ఆ షాపు మెట్లెక్కాను. కోటు మూడుసార్లు సరిచేయించాల్సి వచ్చింది. మూడోసారికి మేమిద్దరం మా పెళ్లి గురించి మాట్లాడుకుంటున్నాం. మాకు పిల్లలు కలగలేదు. బల్కంపేటలో రెండు గదుల ఇల్లు, షాపు, నా ఉద్యోగం, అంతే మా జీవితం.

షాపు గోడ మీద ఎవరో ట్రావెల్ ఆఫీసాయన ఇచ్చిన క్యాలెండరు ఉండేది. ఏళ్లు మారినా అందులో ఒక బొమ్మను మాత్రం ఆయన తీయనివ్వలేదు. కొండ కొమ్మున సగం పసుపు, సగం ఎరుపు రంగు కోట. కింద పొగమంచు, చెట్లు. పోర్చుగల్‌లో సింత్రా అనే ఊరు. ఆ రెండు రంగులు పక్కపక్కన పెట్టాలంటే ధైర్యం కావాలని, ఏ కుట్టుపనివాడూ ఆ పని చెయ్యడని అంటుండేవారు. ఎప్పటికైనా చూడాలనేవారు. అందరం అలాంటి మాటలు అంటూనే ఉంటాం కదా.

నేను రిటైరైన ఏడాది ఉన్నట్టుండి ఆ మాట పట్టుకుని కూర్చున్నారు. నా మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక వెళదామన్నాను. అంతదాకా ఆగొద్దన్నారు. నన్నడక్కుండానే పంజాగుట్టలో ఒక ట్రావెల్ ఆఫీసుకు వెళ్లి, స్పెయిన్, పోర్చుగల్ చూపించే బృందంలో మా ఇద్దరి పేర్లూ రాయించి వచ్చారు. ఏ పనికైనా పదిసార్లు ఆలోచించే మనిషికి ఈ తొందరేమిటా అనుకున్నాను. అప్పటికే ఆయన రెండు మూడుసార్లు మా సందు దాటి ముందుకు వెళ్లిపోయి, గంట ఆలస్యంగా ఇంటికి చేరారు. మెట్రో వచ్చాక రోడ్లన్నీ మారిపోయాయన్నారు. నిజమేననుకున్నాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నేనే ఎన్నోసార్లు దారి తప్పాను.

లిస్బన్ నుంచి పొద్దున్నే బస్సులో బయల్దేరి సింత్రా చేరాం. మా బృందంలో ఇరవై మందిమి, అందరం హైదరాబాద్ వాళ్లమే. ఏటవాలు సందులు, పాచి పట్టిన రాతిగోడలు, గోడల మీంచి కిందికి వాలిన చెట్లు. యాత్రికులను తిప్పే ఆటోలు అక్కడా కనిపించేసరికి ఆయనకు నవ్వాగలేదు. ఊరి నడుమ పాత రాజభవనం ఉంది. దాని వంటింటి మీద రెండు తెల్లటి పొగగొట్టాలు, బోర్లించిన గరాటుల్లా ఆకాశంలోకి లేచి ఉంటాయి. ఆయన ఆ వంటింట్లో నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, లోపలి నుంచి ఆ గొట్టాల్లోకి చాలాసేపు చూశారు. గోడలకు అతికించిన నీలిరంగు పింగాణీ పలకల అంచులను వేలితో తడమబోతే, కాపలా ఆమె వద్దని సైగ చేసింది. బట్ట నేత చూసినట్టే చూస్తారాయన దేన్నైనా.

తర్వాత ఒక పెద్ద తోటకు తీసుకెళ్లారు. ఎవరో ధనవంతుడు కట్టించుకున్న తోట. గుహలు, చిన్న చిన్న బురుజులు, చెరువులు, మనిషెత్తు ఆకులు. అందులో ఒక బావి ఉంది. నీళ్ల కోసం తవ్విన బావి కాదు. భూమిలోకి తలకిందులుగా దించిన గోపురం లాంటిది. చుట్టూ మెలికలు తిరుగుతూ మెట్లు అడుగుదాకా దిగుతాయి. దిగినవాళ్లు మళ్లీ పైకి రాకూడదట, అడుగున సొరంగంలో నడిచి తోటలో ఇంకో పక్క తేలాలి.

నా మోకాళ్లతో అది కాని పని. నన్ను పైన రాతిబల్ల మీద కూర్చోబెట్టి, సంచీ నా ఒళ్లో పెట్టి, మిగతా వాళ్ల వెనకే ఆయన దిగారు. రెండో చుట్టులో ఒకసారి తలెత్తి చెయ్యి ఊపారు.

అరగంటకు మా బృందంలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఆయన రాలేదు. సొరంగంలో రెండు దారులు చీలాయని, ఆయన ముందే వెళ్లిపోయారనుకున్నామని చెప్పారు. ఇంకో పావుగంట చూశాను. ఫోన్ చేస్తే నా ఒళ్లోని సంచీలోనే మోగింది. గైడు ఒకవైపు, నేను ఇంకోవైపు వెతకడం మొదలుపెట్టాం. తడి ఆకుల మీద కాలు జారుతోంది. ఆ తోటలో ప్రతి దారీ వచ్చిన చోటికే తిప్పి తెస్తోంది. దేశంకాని దేశంలో గట్టిగా పిలవాలన్నా సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

చివరికి కింద చెరువు పక్కన కనిపించారు. చీపురు పట్టుకున్న ఒక తోటమాలి చేతిని గట్టిగా పట్టుకుని తెలుగులో ఏదో అడుగుతున్నారు. ఆ ముసలాయన అర్థంకాక తల ఊపుతూ, ఓదారుస్తున్నట్టు ఆయన భుజం తడుతున్నాడు. పరుగులాంటి నడకతో వెళ్లి, "ఏమండీ" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. ముఖంలో పెద్ద ఊరట.

"మీరు తెలుగోళ్లా అమ్మా?" అన్నారు. "జర బల్కంపేట తొవ్వ చెప్తరా? ఇంటికాడ మా ఆమె ఎదురుసూస్తుంటది."

నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న కాపురం మాది. నన్ను ఆయన "మీరు" అనడం, మొదటిసారి కోటు కొలతలిచ్చిన రోజు తర్వాత మళ్లీ అప్పుడే విన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"నేనూ అటే వెళ్తున్నానండీ. రండి."

ఆయన మర్యాదగా రెండడుగులు దూరంగా నా వెనక నడిచారు. గేటు దగ్గర నీళ్ల సీసా అందిస్తే తాగి, మూత బిగిస్తూ, ఏమీ జరగనట్టు, మోకాళ్లు నొస్తున్నాయా అని నన్నడిగారు. మళ్లీ నా మనిషి అయిపోయారు.

మధ్యాహ్నం బస్సులో కొండెక్కి ఆ కోట చేరాం. ఆ పసుపు, ఆ ఎరుపు నిజంగానే క్యాలెండరులో కంటే గాఢంగా ఉన్నాయి. ఆయన చిన్నపిల్లాడిలా ప్రతి గోడ దగ్గరికీ వెళ్లారు. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే గాలికి కళ్లు మండుతున్నాయన్నాను. అక్కడ గాలి కూడా గట్టిగానే వీస్తోంది.

సాయంత్రం హోటల్ గదిలో చెప్పులు విప్పుతూ ఆగిపోయి అడిగారు.

"పొద్దున బావిల దిగినంక నేను ఏడికి పోయిన? నడుమల జర యాదికొస్తలేదు."

ఆయన కళ్లలో భయం ఉంది. నేను చెప్పి ఉండాల్సింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉండాల్సింది. "ఎక్కడికీ వెళ్లలేదు, అందరితోపాటే వచ్చారు" అన్నాను. కాసేపు నన్నే చూశారు. తర్వాత చెప్పులు మంచం కిందికి నెట్టి పడుకున్నారు. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

తిరిగొచ్చాక పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. స్కానింగులు చేశారు, బొమ్మలు గీయించారు, వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్క చెప్పించారు. మతిమరుపు జబ్బు మొదలై చాలాకాలమైందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. దాని వేగం తగ్గించగలం గానీ ఆపలేమంది.

ఏడాదికి షాపు మూసేయాల్సి వచ్చింది. ఆయన దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేసిన కటింగ్ మాస్టరు మిషన్లు ఆటోలోకి ఎక్కించాడు. చివరికి నా దగ్గరికొచ్చి తల దించుకుని నిలబడ్డాడు. మీరు విదేశం పోకముందు నుంచే అన్న కొలతలు తప్పుతున్నాడని, చెడిన బట్టకు బదులు తనే కొత్తది తెచ్చి ఎవరికీ తెలియకుండా కోసిపెట్టేవాడినని చెప్పాడు. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అన్ననే ఒట్టేయించుకున్నడు వదినా. గా ఊరు మీ వదినకు సూపెట్టుకొస్త, అప్పటిదాంక చెప్పకు అన్నడు. ఫికర్ చేస్తదని."

అంటే ఆయనకు తెలుసు. తెలిసే తొందరపడ్డారు. హోటల్లో ఆయన అడిగింది ప్రశ్న కాదు, నాతో చెప్పుకోవడానికి దొరికిన ఒక సందు. దాన్ని నేనే మూసేశాను.

ఆ రోజు ఇంటికొచ్చి, ఆయన పక్కన కూర్చుని, అంతా చెప్పాను. బావి, సొరంగం, తోటమాలి, దారి అడగడం. అప్పటికి ఆయనకు నేనెవరో తెలిసే రోజులు తక్కువైపోయాయి. ఎవరిదో కథ వింటున్నట్టు శ్రద్ధగా విన్నారు.

"పాపం," అన్నారు. "ఇల్లు దొరికిందా గా మనిషికి?"

"దొరికింది."

"ఆమె ఉన్నదా ఇంట్ల?"

"ఉంది," అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు ఆయన పోయారు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, అదే పంజాగుట్ట ఆసుపత్రిలో, ఒక మధ్యాహ్నం పూట. పోయినేడాది నా మోకాళ్ల ఆపరేషన్ అయింది. ఇప్పుడు మెట్లు బాగానే ఎక్కి దిగుతున్నాను. చుట్టాలొచ్చినప్పుడు, అదృష్టవంతులు, అంత దూరం ఇద్దరూ కలిసి చూసొచ్చారు అంటుంటారు. అవునంటాను.